పద్దెనిమిది గుప్పెళ్లు

రాజోలు మెయిన్ రోడ్డు మీద గోవిందరాజులు గారి పచారీ కొట్టుకి పదకొండు పలకల తలుపులు ఉండేవి. పొద్దున్న ఆరున్నరకి పేతురు వచ్చి వాటిని ఒక్కొక్కటే ఊడదీసి, వరస తప్పకుండా పక్కగోడకి ఆనించేవాడు. వరస తప్పితే సాయంత్రం ఒకదాని గాడిలో ఒకటి పట్టవు. ఏడో పలక ఎప్పుడో ఒక వరదకి నీళ్లు తాగి ఉబ్బింది. దాన్ని మటుకు భుజంతో ఒక పోటు పొడవాలి. తలుపులయ్యేక కొట్టు ఊడ్చి, ముందు నీళ్లు చల్లి, త్రాసుని ఖాళీగా ఎత్తి ముల్లు నిటారుగా నిలబడిందో లేదో చూసుకుని, కళ్లు మూసుకుని నిమిషం పాటు ప్రార్థన చేసుకునేవాడు. సరిగ్గా ఆ నిమిషంలోనే గోవిందరాజులు గారు లోపల వెంకటేశ్వరస్వామి పటానికి అగరొత్తి వెలిగించేవారు. ఇద్దరి పనీ ఒకేసారి అయ్యేది. తర్వాత బేరం.

పేతురు చర్చి ఉన్న మిషను పేట మనిషి. స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదివేడు. యాభయ్యారులో గోవిందరాజులు గారు అతన్ని తూపానికి, అంటే సరుకు తూచే పనికి, పెట్టుకున్నప్పుడు కొన్ని ఇళ్లవాళ్లు మొహం ముడుచుకుని, కాలవ వంతెన దగ్గరున్న వెంకన్న కొట్టుకి మారిపోయేరు. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ ఇటే వచ్చేరు. మరేం లేదు, పేతురు కొసరు కోసం.

ఆ రోజుల్లో ఏ కొట్లోనైనా తూచేక కొసరు వెయ్యడం మామూలే. అడక్కుండా వేస్తే మర్యాద, అడిగేక వేస్తే వ్యాపారం. పేతురు కొసరు ఈ రెండూ కాదు. తూపం అయ్యేక అతని కుడి చెయ్యి బస్తాలోకి వెళ్లేది. ఎన్ని గుప్పెళ్లు వెయ్యాలో చేతికే తెలుసు, పేతురుకి తెలీదు. ఒక గుప్పెడు వేస్తే ఆ ఇంటికి ఆ వారంలో ఒకరు భోజనానికి వస్తారు. మూడు వేస్తే ముగ్గురు. చిన్నపిల్లలకి సగం గుప్పెడు. మునసబు కోర్టు గుమాస్తా గారి భార్య ఓ రోజు రెండున్నర గుప్పెళ్ల కొసరు పట్టుకెళ్లి, ఇంటికి వెళ్లగానే ఎసరు పెద్ద గిన్నెకి మార్చింది. పదకొండు గంటలకి ఆవిడ పిన్నత్తగారు కూతురినీ మనవణ్నీ వెంటేసుకుని చించినాడ రేవు దాటి వచ్చి దిగింది. అలాంటివి చెప్పుకోవడానికి కూడా ఎవరికీ తోచేది కాదు. వర్షం వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుపోతాయి, పేతురు చెయ్యి కొసరు వేస్తుంది, అంతే.

ఏమీ వెయ్యని రోజులు చాలా ఉండేవి, అప్పుడు చెయ్యి అసలు బస్తాలోకే వెళ్లేది కాదు. బస్తాలోకి వెళ్లిన గుప్పిట ఖాళీగా పైకి రావడం మటుకు ఇరవై ఆరేళ్లలో మూడుసార్లే జరిగింది. ఆ ఇంట్లో ఒక విస్తరి తగ్గుతుందని దాని అర్థం. మూడోసారి గోవిందరాజులు గారి సొంత ఇంటికి బియ్యం తూస్తుండగా అయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరేలే పేతురూ, ఇవాళ పెందరాళే తలుపులు వేసెయ్," అన్నారాయన. ఎనిమిది రోజుల్లో చెప్పవలసిన మాటలన్నీ అందరికీ చెప్పుకుని, తొమ్మిదో రోజున పోయేరు. కొడుకులిద్దరికీ విశాఖపట్నంలో ఉద్యోగాలు. కొట్టు మద్రాసు కంపెనీకి అమ్మేసేరు.

ఆ కంపెనీ పేరు ఇంగ్లీషులో గజం పొడుగున ఉండేది. జనం 'కంపెనీ కొట్టు' అన్నారు. పదకొండు పలకలూ పోయి ఇనప షట్టరు వచ్చింది. గోనె బస్తాల బదులు ప్లాస్టిక్ కాగితం పొట్లాలు వచ్చేయి, కిలో, అరకిలో, పావు. త్రాసు పోయి గుండ్రటి మొహమున్న కాటా మిషను వచ్చింది. వీటన్నిటితో పాటు మేనేజరు రామ్మూర్తి వచ్చేడు. మండపేట వాడు, బీకాం, ముప్ఫయ్యేళ్లుంటాయి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడు కాడు. అందరినీ 'గారూ' అనే పిలిచేవాడు. నాలుగేళ్లలో కంపెనీ అతన్ని అయిదు ఊళ్లు తిప్పింది. భార్య ఆదిలక్ష్మి తిరిగి తిరిగి విసిగిపోయి, "మీకు ధరలు తప్ప మనుషులు గుర్తుండరు," అని నెలల పిల్లని ఎత్తుకుని మండపేటలోనే పుట్టింటికి వెళ్లిపోయింది. అది జరిగి రెండేళ్లు దాటింది. రామ్మూర్తి కొట్టు మీద గదిలో ఉండి, మెస్సులో తినేవాడు. తన సంగతి ఎవరికీ చెప్పలేదు కాబట్టి రాజోలులో అందరికీ తెలుసు.

మొదటి మూడు నెలలూ కంపెనీ కొట్టులో ధరలు చూసి జనం తిరణాలకి వచ్చినట్టు వచ్చేరు. గోవిందరాజులు గారు కిలో రెండున్నరకి అమ్మిన బియ్యం రెండూ ఇరవై. అయిదున్నర కందిపప్పు నాలుగూ ముప్పావలా. వెంకన్న తన కొట్లో ఒక్కడే కూర్చుని ఈగలు తోలుకుని, తోలుకుని, దసరా వెళ్లేక తాళం వేసి అల్లుడి చేపల చెరువు మీద కాపలాకి వెళ్లిపోయేడు. సంత వీధిలో ఉన్న మూడో కొట్టు దీపావళి దాకా ఆగింది.

ఆ తర్వాత ధరలు నడక మొదలెట్టేయి. ప్రతి శుక్రవారం మద్రాసు నుంచి ఒక సర్క్యులరు వచ్చేది. రామ్మూర్తి స్టూలెక్కి బోర్డు మీద పాత అంకె తుడిచి కొత్త అంకె రాసేవాడు. బియ్యం రెండూ అరవై. రెండూ ఎనభై అయిదు. మూడూ పది. పప్పు ఏడు రూపాయలు దాటింది. చింతపండు సంగతి చెప్పనక్కర్లేదు, ఆడవాళ్లు చారు పెట్టడం మానేసి మజ్జిగ పులుసులో పడ్డారు. సరుకు అదే, పొలాలు అవే, మిల్లు అదే. శుక్రవారం మాత్రం మారేది. గురువారం సాయంత్రం జనం సంచులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. రేపు ఎంతవుతుందో తెలీక, కావలసిందీ అక్కర్లేనిదీ కొనేసుకుని, ఇంటికెళ్లేక ఉప్పు మరిచిపోయేమని తిట్టుకునేవారు.

"ఏమండీ మేనేజరు గారూ, ఈ అంకెలకి కాళ్లేమైనా ఉన్నాయంటారా?" అని కోర్టు గుమాస్తా గారు అడిగేరు.

"నాదేం లేదండీ, పై నుంచి వస్తాయి," అన్నాడు రామ్మూర్తి.

"పై నుంచి వర్షం కూడా వస్తుందండి. అది అప్పుడప్పుడు ఆగుద్ది."

కొసరు మటుకు మొదటి రోజే ఆగిపోయింది. రామ్మూర్తి పాత పుస్తకాలు చూసి లెక్క కట్టేడు, ఏడాదికి పద్నాలుగు బస్తాలు కొసరు కిందే పోతున్నాయని. అతను పేతురుని తూపం మానిపించి, పొట్లాలు అతికే బల్ల దగ్గర కూర్చోబెట్టేడు. ప్లాస్టిక్ సంచి మూతిని రంపపు బ్లేడు మీదుగా మడిచి, కొవ్వొత్తి మంటకి తగిలీ తగలకుండా లాగాలి. అంచు కరిగి అతుక్కుంటుంది. పేతురు ఎడం చేత్తో ఆ పని నేర్చుకున్నాడు. ఎందుకంటే కుడి చెయ్యి ఊరుకునేది కాదు. బల్ల మీద గుప్పిట మూసి, విప్పి, మూసి, విప్పి. ఇంట్లో కూర్చున్నా అంతే. చర్చిలో పాట పుస్తకం పట్టుకుంటే పేజీలు టపటపా కొట్టుకునేవి. భార్య దానమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి నొక్కి పట్టుకునేది.

ఊరికి కూడా కుదురు పోయింది. ఎవరు వస్తారో తెలీదు. కొందరు భయపడి రోజూ ఎక్కువ వండి పారబోసేవారు. కొందరి ఇళ్లకి చుట్టాలొస్తే గిన్నె అడుగు గోకవలసి వచ్చేది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి, వీధి గుమ్మంలోకి వచ్చి బస్సు వైపు చూసి, మళ్లీ లోపలికి వెళ్లి మూత తీసి చూసి, మళ్లీ గుమ్మంలోకి వచ్చేవారు.

అందరికంటే ఎక్కువ కష్టం దుర్గమ్మది.

దుర్గమ్మది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. భర్త బంగారరాజుకి తెరచాప నావ ఉంది. అతనూ మరో ముగ్గురూ ఆదివారం తెల్లవారుజామున సముద్రంలోకి వెళ్తే గురువారం సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. ముందు రోజు శనివారం దుర్గమ్మ బస్సెక్కి రాజోలు వచ్చి నావకి అయిదు రోజుల సరుకు కొనుక్కెళ్లేది. నావ వాళ్లకి పేతురు కొసరు లెక్క వేరు. గుప్పెడుకి ఒక పూట. రెండు గుప్పెళ్లు పడితే నావ ఒక రోజు ఆలస్యం. గుప్పెడు బియ్యంతో నలుగురికి అన్నం కాదు, గంజి అవుతుంది. చేప ఎలాగూ ఉంటుంది. దుర్గమ్మ గుప్పెళ్లు లెక్క పెట్టుకుని వెళ్లి, సరిగ్గా ఆ పూటకే ఒడ్డుకి వెళ్లి నిలబడేది. కంపెనీ వచ్చేక ఆ లెక్క లేదు. గురువారం మధ్యాహ్నం నుంచే ఇసకలో కాలుగాలిన పిల్లిలా తిరగడం. కెరటం తెల్లగా విరిగినా తెరచాపే అనుకోవడం. ఏడాదిన్నరలో మనిషి సగమైపోయింది.

అట్లతద్ది వెళ్లేక ఒక శనివారం ఆవిడ వచ్చి బియ్యం పన్నెండు పొట్లాలూ, పప్పూ, మిరపకాయలూ, ఉప్పూ కొనుక్కుంది. బియ్యం ముందు రోజే మూడూ ముప్ఫై అయిదు అయింది. ఉల్లిపాయలు మానుకుంది. పొట్లాలు గుడ్డసంచిలో సర్దుకుంటూ పేతురు బల్ల దగ్గర ఆగింది.

"బాగున్నావా అన్నా?"

"ఆయ్, ఇలాగున్నాం చెల్లెమ్మా. బంగారరాజు గారు రేపు వెళ్తున్నారా?"

"వెళ్లకేం సేత్తాడు. ఇంట్లో కూకుంటే శుక్రారం ఊరుకోదు కదా."

పేతురు నవ్వబోయేడు. అతని కుడి చెయ్యి లేచింది. బల్ల పక్కన పొట్లాలు కట్టడానికి విప్పిన బియ్యం బస్తా ఉంది. చెయ్యి బస్తాలోకి వెళ్లి గుప్పెడు తీసి, దుర్గమ్మ సంచి మూతిలో పోసింది. ఇంకోటి. ఇంకోటి. ఎడం చేతిలో బ్లేడు కింద పడింది. నాలుగు, అయిదు. దుర్గమ్మ కదలకుండా సంచి పట్టుకుని నిలబడింది. రామ్మూర్తి గల్లా దగ్గర్నించి చూసి, "పేతురు గారూ! పేతురు గారూ!" అంటూ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి అతన్ని కూడా బస్తాకీ సంచికీ మధ్య ఊపుకుంటూ తిరిగింది. అతను వదిలేసేడు. వదిలేసి, అలవాటు కొద్దీ లెక్క పెట్టడం మొదలెట్టేడు. పదకొండు. పన్నెండు. కొట్లో ఉన్నవాళ్లందరూ బేరాలు మానేసి చూస్తున్నారు.

పద్దెనిమిది దగ్గర చెయ్యి ఆగింది.

"తొమ్మిది రోజులు," అంది దుర్గమ్మ.

"అమ్మా, ఇది కిలో పావు పైన ఉంటుంది," అన్నాడు రామ్మూర్తి. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఊరికే ఇవ్వడానికి నాకు అధికారం లేదండి. ధర కట్టి తీసుకెళ్లండి."

"డబ్బిచ్చుకుంటే అది బియ్యం అవుద్ది బాబుగారూ. కొసరు ఎలా అవుద్ది?"

"పోనీ నేనే కడతాను."

"మీరు కట్టినా కొన్నట్టేగా!"

కొట్లో ఉన్నవాళ్లందరికీ ఆ మాట సబబుగానే తోచింది. రామ్మూర్తికి కూడా తోచినట్టుంది. గోడ మీద సర్క్యులరు వైపు చూసేడు. అందులో కొసరు వేసినవాళ్లని పనిలోంచి తీసెయ్యమని ఎర్రసిరాతో ఉంది. "నా చేతుల్లో లేదండి. తిరిగి పోసెయ్యండి," అన్నాడు.

దుర్గమ్మ వాదించలేదు. సంచిలోంచి పొట్లాలు బయటికి తీసి, అడుగున చేరిన బియ్యాన్ని బస్తాలోకి గుమ్మరించి, సంచి విదిలించింది. ఒక్క గింజ ఉంచుకోలేదు. పేతురు కొవ్వొత్తి ఊదేసి, లేచి, బల్ల కింద చెప్పులు వెతుక్కున్నాడు.

"ఎక్కడికండీ? ఇంకా మూడున్నరే అయింది."

"ఇంటికండి."

"పేతురు గారూ, ఇలా మధ్యలో వెళ్లిపోతే నేను మళ్లీ రమ్మనలేను. చెబుతున్నాను."

"ఆయ్," అన్నాడు పేతురు. "రా చెల్లెమ్మా. అంతర్వేది బస్సు నాలుగుంబావుకి కదా."

పేతురు ఇల్లు బస్సుస్టాండు దారిలోనే. దానమ్మ అరుగు మీద బట్టలు మడత పెడుతోంది. పేతురు సంగతి చెప్పడానికి నిలబడలేదు, సరాసరి వంటింట్లోకి వెళ్లి గూట్లో ఉన్న చిన్న కుండ తీసుకొచ్చేడు. మిషను పేటలో అన్ని ఇళ్లలోనూ అలాంటి కుండ ఉంటుంది. ఆడవాళ్లు అన్నం వండబోయే ముందు, కడగడానికి తీసిన బియ్యంలోంచి గుప్పెడు తీసి అందులో వేస్తారు. ఇంట్లో నిండుగా ఉన్నా, అరకొరగా ఉన్నా వేస్తారు. ఆదివారం చర్చికి తీసుకెళ్లి దేవుడి ముందు పోస్తారు. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్లకి పోతుంది. వారం మధ్యలో ఆ కుండ మీద చెయ్యి వెయ్యడం అనేది మిషను పేట పుట్టేక ఎవరూ చెయ్యలేదు.

"అది దేవుడి బియ్యం," అంది దానమ్మ.

"నాకు తెల్దా?"

"మరి?"

పేతురు కుడి చెయ్యి ఎత్తి చూపించేడు. గుప్పిట మూసుకుంటోంది, విచ్చుకుంటోంది. దానమ్మ దాన్ని చూసింది, గుమ్మం బయట నిలబడ్డ దుర్గమ్మని చూసింది, దుర్గమ్మ సంచిని చూసింది. గోవిందరాజులు గారి ఖాళీ గుప్పిట సంగతి ఆవిడకి తెలుసు.

దుర్గమ్మ గుమ్మం బయట్నించే అంది, "వద్దు వదినా. మీ దేవుడి సొమ్ము మాకెందుకు. పాపం చుట్టుకుంటది."

"దేవుడెక్కడికి పోతాడు, మళ్లీ ఆదివారం వస్తాడు. బస్సయితే పోతుంది. లోపలికి రా," అంది దానమ్మ.

కుండలో దానమ్మ గుప్పెళ్లు పదమూడు ఉన్నాయి. పేతురు గుప్పిట పెద్దది, అతని చేతికి అవి పదకొండే అయ్యేయి. కుండ అడుగు తగిలేక కూడా చెయ్యి ఊరుకోలేదు. దానమ్మ ఇంట్లో బియ్యం డబ్బా తెచ్చి ముందు పెట్టింది. రాత్రికీ, ఆదివారానికీ ఉన్నది అదే. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆవిడ పైకే లెక్క పెట్టింది. పద్దెనిమిదోది డబ్బాని బోర్లించి దులిపితే సరిపోయింది. అప్పుడు చెయ్యి పేతురు ఒళ్లోకి జారి, నిద్రపోయిన పిల్లలా పడుకుంది. ఏడాదిన్నర తర్వాత అదే దానికి కుదురు.

ఆ రాత్రి వాళ్లిద్దరూ పొయ్యి వెలిగించలేదు. మర్నాడు దానమ్మ ఖాళీ కుండ తీసుకుని చర్చికి వెళ్లి, అందరితో పాటు వరసలో నిలబడి, కుండ వంచింది. ఏమీ పడలేదు. పాస్టరు గారు కుండ వైపు చూసి, ఆవిడ మొహం వైపు చూసి, తర్వాతావిడని రమ్మన్నారు.

పల్లిపాలెంలో దుర్గమ్మ భర్తకి లెక్క చెప్పింది. బంగారరాజు వల సర్దుతూ, "తొమ్మిది రోజులు ఆలస్యమే కదా. గుప్పిట ఖాళీగా రాలేదు కదా?" అన్నాడు.

"రాలేదు. కానీ అది కొట్టు బియ్యం కాదు. వాళ్లింటి బియ్యం. అది కొసరవుతుందో లేదో నాకేం తెలుసు?"

"వెళ్లకపోతే వచ్చే శనారం ఆ పన్నెండు పొట్లాలూ ఎంతవుతాయో చెప్పు."

నావ తెల్లవారుజామున వెళ్లిపోయింది.

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం మిగతా నావలు వెతకడానికి వెళ్లి, ఆదివారం ఉత్త చేతుల్తో తిరిగి వచ్చేయి. సోమవారం తాలూకాఫీసు నుంచి ఒక ఉద్యోగి వచ్చి నాలుగు పేర్లు రాసుకుని వెళ్లేడు. మిగతా ముగ్గురి భార్యలూ ఒడ్డున పడి ఏడుస్తున్నారు. దుర్గమ్మ ఒక్కపూట కూడా ఒడ్డుకి వెళ్లలేదు. "రాతిగుండె," అన్నారు కొందరు. ఊరి పెద్ద సుబ్బరాజు గారు ఇంటికొచ్చి, "అమ్మాయ్, పదో రోజు దాటింది. చెయ్యవలసినవి చెయ్యాలి కదా," అన్నారు.

"శనారం సాయంత్రం తర్వాత చెప్పండి బాబాయ్. అప్పుడు మీరేం చెయ్యమంటే అది చేత్తాను."

పైకి అలా అంది గాని కడిగిన గిన్నెలే మూడుసార్లు కడిగేది. వాకిలి ఊడ్చి, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. కూర్చుంటే లేచేది. కొట్టు కొసరు, ఇంటి కొసరు. దేవుడి బియ్యం, మనిషి బియ్యం. చేతికి తేడా ఉంటుందా? ఎవర్ని అడగాలి?

రాజోలులో ఈ కబురు మంగళవారం రామ్మూర్తి చెవిన పడింది. ఆ రోజు అతను మెస్సులో అన్నం కలిపి, తినకుండా లేచి వచ్చేసేడు. బీకాం చదివినవాడు, వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. పద్దెనిమిది గుప్పెళ్లు, రోజుకి రెండు, గురువారం మీద తొమ్మిది. వచ్చే శనివారం సాయంత్రం. కానీ ఆ గుప్పెళ్లు తనే కదా బస్తాలో పోయించింది! ఆ తర్వాత పేతురింట్లో ఏం జరిగిందో అతనికి తెలీదు. అడగడానికి రెండుసార్లు మిషను పేట దాకా వెళ్లి, మలుపులో వెనక్కి తిరిగి వచ్చేడు. శుక్రవారం సర్క్యులరు వచ్చింది. స్టూలెక్కి బియ్యం పక్కన అంకె తుడిచేడు గాని కొత్త అంకె రాయకుండా దిగిపోయేడు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, కంపెనీ చరిత్రలో మొదటిసారి, షట్టరు దించేసి అంతర్వేది బస్సెక్కేడు.

ఒడ్డున జనం ఉన్నారు. అతని ఇస్త్రీ చొక్కా చూసి మళ్లీ తాలూకాఫీసు మనిషే అనుకున్నారు. నాలుగింటికి దుర్గమ్మ వచ్చింది. తల స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చంకలో అన్నం కుండా చేతిలో కూర తపేలా పట్టుకుని, అలవాటైన చోటికి వచ్చినట్టు వచ్చి ఇసకలో దించింది. రామ్మూర్తిని చూసింది.

"మీరా బాబుగారూ. కూకోండి. ఇంకా టైముంది."

అతను కూర్చున్నాడు. "అమ్మా, ఆ బియ్యం నేను..."

"వెనక్కి తీసుకున్నారు. తెలుసుగా. దానమ్మ వదిన ఇచ్చింది. వాళ్ల దేవుడి కుండలోవి." ఆవిడ అన్నం కుండ మూత తీసి చూసుకుని, మళ్లీ పెట్టింది. "పనికొస్తదో రాదో."

సముద్రం మీద ఎండ పసుపు రంగుకి తిరిగింది. తర్వాత ఎరుపు. సుబ్బరాజు గారు దూరంగా నిలబడి రెండుసార్లు దగ్గారు. దుర్గమ్మ లేచింది, కూర్చుంది, లేచింది.

ముందు కనిపించింది తెరచాప కాదు, పొగ. నీటి మీద సన్నగా దారం లాగా పైకి లేచిన పొగ. కాసేపటికి దాని కింద మచ్చ, మచ్చ కింద నావ. వెళ్లిన అయిదో రోజున గాలివాన కొట్టి తెరచాప కొయ్య విరిగిపోయింది, నీటివాలు వాళ్లని నరసాపురం దాటించి దక్షిణానికి లాక్కుపోయింది, చిరుగుల తెరచాపని తెడ్డుకి కట్టుకుని తిరిగి వచ్చేరు. వాన నీళ్లు తాగేరు. ఇవన్నీ తర్వాత తెలిసేయి. ఒడ్డుకి తగిలినప్పుడు నలుగురూ ఎముకల గూళ్లలా ఉన్నారు. నావలో మట్టిపొయ్యి మీద చిన్న గిన్నె ఇంకా ఉడుకుతోంది. బంగారరాజు మోకాటి లోతు నీళ్లలో నిలబడి, "ఆఖరి గుప్పెడు. ఇప్పుడే ఎసట్లో పడేసేం," అన్నాడు.

"దించెయ్. అన్నం తెచ్చేను," అంది దుర్గమ్మ. అని, ఇసకలో కూలబడి, పద్నాలుగు రోజుల ఏడుపూ ఒకేసారి ఏడ్చింది.

రామ్మూర్తి ఆ రాత్రే మండపేటకి ఒక కార్డుముక్క రాసేడు. ఏం రాసేడో ఎవరికీ తెలీదు, చాలాసేపు రాసేడని మాత్రం మెస్సు వాళ్లు చెప్పుకున్నారు. రెండో ఉత్తరం మద్రాసుకి, టైపు చేయించి. కొసరు అనేది నష్టం కింద రాయదగ్గది కాదనీ, ఈ ప్రాంతంలో అది మళ్లీ పెట్టాలనీ, పేతురు గారిని పిలిపించాలనీ. కార్డుకి జవాబు రాలేదు. మద్రాసు నుంచి మటుకు రెండు వారాల్లో వచ్చింది. మేనేజరు సూచన కంపెనీకి బాగా నచ్చిందట. ఇక మీదట ప్రతి పొట్లంలోనూ మిషనే ఇరవై గ్రాములు అదనంగా పోస్తుంది. పొట్లం మీద 'కొసరుతో సహా' అని ఆకుపచ్చ అక్షరాలతో అచ్చు వేస్తారు. ధర కిలోకి పదిహేను పైసలు పెంచవలెను.

రామ్మూర్తి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, గోడకి అంటించి, దాని కింద తాళాలు మేకుకి తగిలించి బయటికి వచ్చేడు. తిన్నగా మిషను పేట మలుపు తిరిగేడు, ఈసారి ఆగలేదు.

రామ్మూర్తీ పేతురూ వెళ్లి వెంకన్నని చేపల చెరువు మీద నుంచి పిలుచుకొచ్చేరు. కాలవ వంతెన దగ్గర కొట్టు బూజు దులిపి, ఎలకలు కొరికిన అరలకి చెక్కలు వేసి, కార్తీక మాసం చివర్లో తెరిచేరు. బియ్యం మిల్లు ధర మీద పావలా. ఆ లెక్క రామ్మూర్తిది. బోర్డు మీద అంకె సుద్దతో కాకుండా రంగుతో రాయించేడు, ఊరికే తుడవడానికి వీల్లేకుండా. వెంకన్న గల్లా దగ్గర. తూపం పేతురుది. దానమ్మ కుండ ఆ ఆదివారం నిండుగా వెళ్లింది.

మొదటి శనివారం దుర్గమ్మ వచ్చింది. పన్నెండు కిలోలు త్రాసులో తూచేక పేతురు చెయ్యి బస్తాలోకి వెళ్లింది. కొట్లో మాటలు ఆగిపోయేయి. ఒకటి. రెండు. ఆగింది.

"ఆయ్. శుక్రారం సాయంత్రం," అంది దుర్గమ్మ. సంచి ఎత్తుకుని, ఆ వారం ఉల్లిపాయలు కూడా కొనుక్కుని, బస్సు కోసం వెళ్లిపోయింది.

సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి రామ్మూర్తి ఒక కిలో బియ్యం తూపించుకున్నాడు. కంపెనీ గది పోయింది, వెంకన్న ఇంటి వెనక వాటాలో దిగేడు, కిరసనాయిలు స్టవ్వు కొత్తగా కొనుక్కున్నాడు. మెస్సు కూడు ఇంక వల్లకాదన్నాడు.

"ఒక్కరికి కిలో ఎన్ని రోజులొస్తుందంటారు పేతురు గారూ?"

పేతురు జవాబు చెప్పేలోపల చెయ్యి కదిలింది. బస్తాలోకి వెళ్లి గుప్పెడు తీసి రామ్మూర్తి సంచిలో పోసింది. మళ్లీ వెళ్లింది. రెండో గుప్పెడు నిండుగా లేదు. వేళ్లు లోపలికి ముడుచుకుని, సగమే తెచ్చింది.

రామ్మూర్తి సంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. అతను ఆఖరిసారి చూసినప్పటికి తన కూతురు ఇంకా పాలే తాగేది.

"అన్నం తింటోందన్నమాట," అన్నాడు.

"మెత్తగా వండండి," అన్నాడు పేతురు, తలుపు పలకలు ఎత్తుతూ.